రాళ్ళ ఒడ్డున ర్యాస్ వేట: ల్యూర్లన్నీ రాళ్ళకే పోతున్నాయి, సలహా కావాలి

కొత్తగాలం | 28 మే 2024, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది భీమిలి. ఉద్యోగం మీద ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బోర్న్‌మత్ వచ్చి పది నెలలైంది. చిన్నప్పుడు మా చినతాతతో భీమిలి రాళ్ళ మీద చేతి గాలం వేసేవాణ్ణి. ఇక్కడ సముద్రం కనపడేసరికి మళ్ళీ ఆ ధ్యాసే పట్టుకుంది. మొన్న శనివారం పోర్ట్‌లాండ్ బిల్ అనే రాతి ముక్కుకి వెళ్ళాను, పల్పిట్ రాక్ పక్కన, రాళ్ళ సందుల్లో ఉండే ర్యాస్ చేప కోసమే.

పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా నిలబడ్డాను. తొమ్మిది ల్యూర్లు (నకిలీ ఎరలు) పోయాయి, ఒక్క చేపా పడలేదు. 20 గ్రాముల జిగ్ హెడ్ (బరువు అతికిన కొక్కెం), దానికి 4 అంగుళాల ప్లాస్టిక్ చేపపిల్ల. వీలైనంత దూరం విసిరి, అడుగుకి చేరాక మెల్లగా చుట్టుకుంటూ వచ్చాను. రెండు విసుర్లకోసారి ఎక్కడో ఇరుక్కునేది. నీళ్ళు కూడా ఏరులా పక్కకి పారుతున్నాయి. నా పక్కనే ఒక పెద్దాయన పీతని గుచ్చి వేసి మూడు ర్యాస్‌లు తీశారు. అంటే చేపలున్నాయి, నేను చేసేదాంట్లోనే ఏదో తప్పుంది. బతికున్న ఎర కాకుండా ల్యూర్‌తోనే పట్టాలని ఉంది. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

రాతిఒడ్డు | 28 మే 2024, రాత్రి 11:05

తమ్ముడూ, చోటు మంచిదే ఎంచుకున్నావు. కొక్కెం కట్టిన తీరే తప్పు. నేను కార్న్‌వాల్‌లోని ఫాల్మత్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. లిజార్డ్ నుంచి లాండ్స్ ఎండ్ దాకా ఈ చేప వెంటే తిరుగుతుంటాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

జిగ్ హెడ్‌లో కొక్కెం మొన బయటికి ఉంటుంది. బండల మధ్య, నాచులో లాగితే ఇరుక్కోక ఏమవుతుంది? టెక్సాస్ రిగ్ కట్టు. అమెరికాలో మంచినీటి బాస్ కోసం పుట్టిన కట్టు ఇది, ర్యాస్‌కి దీన్ని మించింది నాకింకా దొరకలేదు. దారానికి తూటా ఆకారంలో ఉండే బరువు ఎక్కించు, 10 నుంచి 15 గ్రాములు చాలు. తర్వాత ఒక పూస. పూస కింద ఆఫ్‌సెట్ కొక్కెం (మెడ దగ్గర వంపు ఉండేది), 1/0 గానీ 2/0 గానీ సైజుది. కొక్కెం మొనని ల్యూర్ ముక్కులో కొద్దిగా దించి, పక్కనుంచి బయటికి లాగి, తిప్పి, మళ్ళీ పొట్టలోంచి వీపు మీదకి గుచ్చు. ఆ మొన చివరని వీపు మీది పలచటి పొర కింద దాచు. వేలితో రాస్తే మొన తగలకూడదు, నొక్కితే తగలాలి. ఇది సరిగ్గా కుదిరిందా, సగం ల్యూర్లు మిగిలినట్టే.

చేపపిల్ల ఆకారం కూడా వద్దు. ఈ చేప తినేది పీతలు, గుల్లలు, రాళ్ళకి అంటుకున్న నత్తలు. 3 అంగుళాల రొయ్య లాంటిదో, పీత లాంటిదో, మందపాటి పురుగు లాంటిదో పెట్టు. రంగు గురించి ఎక్కువ ఆలోచించకు. ముదురాకుపచ్చ, గోధుమ రంగు దగ్గరుంటే చాలు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. దూరం విసరకు. పోర్ట్‌లాండ్‌లో రాయి నిటారుగా నీళ్ళలోకి దిగుతుంది. ర్యాస్ ఆ గోడ మొదట్లో, రాలిపడిన బండల సందుల్లో ఉంటుంది. అంటే నీ కాళ్ళ కిందే. పది మీటర్లు విసిరితే ఎక్కువ. ఒక్కోసారి కర్ర కొన నుంచి తిన్నగా కిందికి దించితేనే పడుతుంది. బరువు అడుగుని తాకగానే దారం బిగువుగా ఉంచి, జానెడు ఎత్తు లేపి, మళ్ళీ వాలనివ్వు. అయిదు, పది సెకన్లు కదపకు. మళ్ళీ లేపు. చుట్టుకుంటూ రావడం అనేది మర్చిపో.

కాటు ఇలా ఉంటుంది: ముందు టక్ టక్‌మని రెండు మూడు తట్లు. అప్పుడు లాగకు, అది పెదాలతో పట్టి చూస్తోంది. కర్ర కొన బరువెక్కి వంగినప్పుడు రెండు చుట్లు గబగబా చుట్టి కర్ర పైకెత్తు. డ్రాగ్ (చేప లాగితే రీలు దారం వదిలే బిగువు) ముందే గట్టిగా బిగించి ఉండాలి. మిగతా చేపలకి దారం వదిలి ఆడిస్తాం, దీనికి మాత్రం మొదటి రెండు సెకన్లు ఒక్క అంగుళం కూడా వదలకూడదు. వదిలావా, తన బొరియలోకి దూరిపోతుంది.

ఇంకో మాట, పొద్దున ఆరింటికి లేవక్కర్లేదు. ర్యాస్ పగటి చేప. రాత్రి బొరియలో పడుకుంటుంది. ఎండ బాగా వచ్చాక కూడా పడుతుంది.

స్రవంతి_పెంబ్రోక్ | 29 మే 2024, ఉదయం 7:20

కొత్తగాలం గారూ, రాతిఒడ్డు గారు కట్టు గురించి చెప్పాల్సినంతా చెప్పారు. నేను మీ నీళ్ళ గురించి చెబుతాను. మీరు వెళ్ళింది 25వ తారీఖు. 23న పౌర్ణమి. పౌర్ణమికీ అమావాస్యకీ ఒకటి రెండు రోజుల తర్వాత పోట్లు బాగా పెద్దవి. పోర్ట్‌లాండ్‌లో నీరు లేచేది మహా అయితే 2 మీటర్లే గానీ, ఆ ముక్కు చుట్టూ ప్రవాహం మాత్రం చాలా గట్టిగా ఉంటుంది. అందుకే మీ 20 గ్రాములు కూడా నిలవలేదు. అష్టమి దాటాక ఒకటి రెండు రోజులు చూసుకుని వెళ్ళండి. నీళ్ళు నెమ్మదిస్తాయి, 10 గ్రాములు కూడా తిన్నగా దిగుతాయి.

ఇప్పుడు నాకు ముఖ్యమైన విషయం. మీ పోస్టులో లైఫ్ జాకెట్ మాట లేదు. ఒక్కరే వెళ్ళారా? బూట్లు ఏవి?

నేను మూడేళ్ళ కిందట ఇక్కడ వేల్స్‌లో సెయింట్ గోవన్స్ దగ్గర ఒక చదును రాతి మీద నిలబడి ఉన్నాను. ఆకాశం నీలంగా ఉంది, గాలి లేదు, సముద్రం అద్దంలా ఉంది. నలభై నిమిషాలు ఒక్క చుక్క పైకి రాలేదు. తర్వాత ఒక్క అల వచ్చి నా మోకాళ్ళ దాకా తడిపి, పక్కనున్న బ్యాగుని, డబ్బాని, ఫ్లాస్కుని తీసుకుపోయింది. నేను రెండడుగులు ముందు ఉండి ఉంటే ఈ పోస్టు రాసేదాన్ని కాదు. దూరంగా అట్లాంటిక్‌లో పుట్టిన అలకి ఇక్కడ గాలితో పనిలేదు. అప్పటి నుంచి వాతావరణ సూచనల్లో అల ఎత్తు ఒక్కటే చూడటం మానేశాను. రెండు అలల మధ్య ఎన్ని సెకన్లు అనేదీ చూస్తాను. 12, 14 అని ఉంటే ఎత్తు మీటరే ఉన్నా పడమటి రాళ్ళ మీదకి వెళ్ళను.

రాళ్ళ మీద నీటి అంచుకి పైన ఒక నల్లటి చార కనిపిస్తుంది, తారు పూసినట్టు. అది నాచు కాదు, లైకెన్. సముద్రం తుంపర ఎక్కడి దాకా వస్తుందో ఆ చారే చెబుతుంది. తడిస్తే దాని మీద కాలు నిలవదు. ఆ చార కంటే ఎత్తులోనే నిలబడండి. చేప పడితే దిగి తీయకండి, పొడుగు కాడ వల కొనుక్కోండి. దిగేముందు ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుని అలల్ని చూడండి. ఎవరైనా నీళ్ళలో పడితే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. పడ్డవాళ్ళు ముందు ఈదే ప్రయత్నం చేయకుండా తల వెనక్కి వాల్చి వెల్లకిలా తేలాలి. చన్నీటి దెబ్బకి మొదటి నిమిషంలో ఊపిరి అదుపులో ఉండదు, అది సర్దుకునే దాకా తేలడమే పని.

కొత్తగాలం | 29 మే 2024, సాయంత్రం 6:15

స్రవంతి గారూ, ఒక్కణ్ణే వెళ్ళాను, జాకెట్ లేదు. ఈరోజే ఆర్డర్ పెట్టాను, దానంతటదే గాలి నిండే రకం. చాలా థాంక్స్. రాతిఒడ్డు అన్నా, పూసలు, ఆఫ్‌సెట్ కొక్కేలు కూడా తెప్పిస్తున్నాను. దారం ఏది వాడాలి?

రాతిఒడ్డు | 29 మే 2024, సాయంత్రం 7:48

రీలులో 20 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన దారం), చివర మీటరున్నర ఫ్లోరోకార్బన్ (పారదర్శకంగా ఉండే గట్టి దారం) 15 పౌండ్లది. కొన దారం కాస్త బలహీనంగా ఉండాలి. ఇరుక్కుని తెగినా కొక్కెం దగ్గరే తెగుతుంది, పొడుగాటి బ్రెయిడ్ సముద్రంలో ఉండిపోదు. ప్రతి అరగంటకీ చివరి అరమీటరు వేళ్ళ మధ్య జార్చి చూడు. గరుగ్గా తగిలితే కోసి మళ్ళీ కట్టు.

గోదారి_పులుసు | 30 మే 2024, మధ్యాహ్నం 1:10

నేను లీడ్స్‌లో ఉంటాను, చేపలు పట్టడం కొత్త. ఇంత కష్టపడి పట్టాక ఇంటికి తెస్తారా, వదిలేస్తారా? పులుసుకి బాగుంటుందా? ఈ దేశంలో సముద్రంలో గాలం వేయడానికి లైసెన్సు కావాలా?

ముత్తుకూరు_ఫిషరీస్ | 30 మే 2024, రాత్రి 10:30

సముద్రంలో గాలానికి ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో లైసెన్సు అక్కర్లేదండీ. నదులు, చెరువులకైతే కావాలి. సాల్మన్, సీ ట్రౌట్ కోసమైతే సముద్రంలో కూడా కావాలి.

పులుసు సంగతి. నేను ముత్తుకూరు కాలేజీలో ఫిషరీస్ చదువుకుని ఇప్పుడు స్కాట్లండ్‌లో సాల్మన్ పెంపకంలో పనిచేస్తున్నాను. ఈ చేపతో నాకు రోజూ పని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీరు పట్టే పెద్ద జాతి బాలన్ ర్యాస్. ఇది పుట్టినప్పుడు ఆడదే. ప్రతి పిల్లా ఆడదే. ఏళ్ళ తరబడి ఆడచేపగా గుడ్లు పెట్టి, బాగా పెరిగాక వాటిలో కొన్ని మాత్రమే మగగా మారతాయి. ఈ బతుకంతా చాలా నిదానం. పాతికేళ్ళు బతికిన చేపలున్నాయి. చెవిలోని చిన్న ఎముకని కోసి, చెట్టు మానులో లాగే వలయాలు లెక్కపెట్టి వయసు చెబుతారు. మీ చేతిలోకి వచ్చిన రెండు కిలోల చేప నిన్నా మొన్నటిది కాదు. బహుశా మీ పెళ్ళి కంటే, మీ పిల్లల కంటే ముందు నుంచి ఆ రాళ్ళ దగ్గరే ఉండి ఉంటుంది.

ఇప్పుడు ఇంకో విషయం, మే నుంచి జులై దాకా దీని గుడ్ల కాలం. రాతి సందులోని గూట్లో గుడ్లకి కాపలా ఉండేది మగదే. దాన్ని మీరు పులుసుకి తెస్తే ఆ గూడు దిక్కులేనిదవుతుంది. పైగా ఇది ఉన్న చోటు వదిలి దూరం పోయే చేప కాదు. ఒక రాతి దగ్గర పెద్దవాటిని వరుసగా తీసేస్తే ఆ ఖాళీ నిండటానికి ఏళ్ళు పడుతుంది.

మా రంగం వల్ల కూడా దీని మీద ఒత్తిడి ఉంది, అది దాచను. సాల్మన్ ఒంటి మీద పేలు పడతాయి. ఆ పేలని ఏరుకుని తినడానికి ర్యాస్‌ని సాల్మన్ బోనుల్లో వదులుతారు. 1980ల చివర్లో నార్వేలో మొదలైన పద్ధతి. మందులు తగ్గుతాయి, అది నిజంగా మంచిదే. కానీ అందుకోసం కార్న్‌వాల్, డెవాన్, డోర్సెట్ తీరాల్లో బుట్టలతో బతికుండగా పట్టి లారీల్లో ఉత్తరానికి పంపుతూ వచ్చారు. అక్కడి ఐఎఫ్‌సీఏలు అనే తీర మత్స్య సంస్థలు సైజుల పరిమితి పెట్టాయి, మరీ చిన్నవీ పట్టకూడదు, పెద్దవీ పట్టకూడదు. హేచరీల్లో పెంచడం కూడా నడుస్తోంది. బుట్టల నుంచి ఆ పెద్ద చేపల్ని కాపాడి, గాలంతో మనం తీసేస్తే ఎలా చెప్పండి?

పులుసు కావాలంటే వేసవిలో మాకెరెల్ పట్టండి. మన కానాగంతలకి చుట్టమే, త్వరగా పెరుగుతుంది, రుచి కూడా మనకి అలవాటైనదే.

డాక్టర్_ట్రాలీ | 31 మే 2024, ఉదయం 6:55

ఐర్లండ్ కెర్రీ నుంచి. ముత్తుకూరు గారు చెప్పినదానికి నా ఓటు. అయితే ఇక్కడి పాత మనుషుల్ని తప్పుపట్టలేను. అరాన్ దీవుల్లో ఈ చేపని ఉప్పు పట్టించి ఎండబెట్టి చలికాలానికి దాచుకునేవారు, అచ్చం మన ఉప్పుచేపలాగే. వాళ్ళకి వేరే దారి లేక తిన్నారు. మనకి పక్కనే సూపర్ మార్కెట్ ఉంది.

పేర్ల గురించి ఒక మాట. బాలన్ అనేది ఐరిష్‌లో ‘బాలఖ్’ నుంచి వచ్చింది, మచ్చలున్నది అని. ర్యాస్ అనేది కార్నిష్ (కార్న్‌వాల్ పాత భాష) మాట నుంచి వచ్చింది, ముసలమ్మ అని అర్థం. ఆ లావు పెదాలు, ముడతలు పడ్డ మూతి చూస్తే ఎందుకన్నారో తెలుస్తుంది. నాకు మాత్రం ఆ మూతి చూస్తే మా నాయనమ్మ తాంబూలం వేసుకున్నాక గుర్తొస్తుంది, అందుకే ప్రతిదాన్నీ రెండు చేతులా పట్టుకుని తల ముందుకి ఉండేలా నీళ్ళలో దింపుతాను.

గోదారి_పులుసు | 31 మే 2024, సాయంత్రం 5:30

ఇంత ఉందని తెలియదండీ. నేను పడితే వదిలేస్తాను. మాకెరెల్ మాట గుర్తుపెట్టుకుంటా.

కొత్తగాలం | 9 జూన్ 2024, ఉదయం 10:12

నిన్న డాన్సింగ్ లెడ్జ్ అనే ఇంకో రాళ్ళ చోటుకి వెళ్ళాను. 6న అమావాస్య కదా, పోర్ట్‌లాండ్ బిల్ వద్దనుకున్నాను. ఈసారి ఆఫీసులో ఒక స్నేహితుణ్ణి తీసుకెళ్ళాను. అయిదు గంటల్లో రెండే ల్యూర్లు పోయాయి! ఒక కార్క్‌వింగ్ ర్యాస్ పడింది, అరచేయంత, చెంపల మీద నీలం గీతలు. కానీ పెద్దది పోయింది. టక్ టక్ తెలిసింది, ఆగాను, బరువు తెలిసింది, ఎత్తాను. అంతే, కర్ర పిడి దాకా వంగి గోడలా ఆగిపోయింది. ఎంత లాగినా రాలేదు, చివరికి తెగింది. ఇంటికొచ్చినా ఆ బరువు చేతిలోనే ఉన్నట్టుంది. రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

ఇంకో సమస్య, నీళ్ళలో తేలే రకం ప్లాస్టిక్ ల్యూర్లు కొన్ని కొని మామూలు వాటితో ఒకే డబ్బాలో పెట్టాను. తెరిస్తే అన్నీ కరిగి ముద్దయిపోయాయి. ఎందుకు?

రాతిఒడ్డు | 9 జూన్ 2024, మధ్యాహ్నం 12:40

అది బొరియలో దూరింది తమ్ముడూ. అలాంటప్పుడు లాగొద్దు. రీలు తెరిచి దారం పూర్తిగా వదులు చెయ్యి. కర్ర కింద పెట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగు. లాగేవాళ్ళు లేరనిపిస్తే ముళ్ళు ముడిచి తనే బయటికి వస్తుంది. దారం మెల్లగా కదలడం కనిపిస్తుంది, అప్పుడు చుట్టి ఒక్కసారిగా ఎత్తు. ప్రతిసారీ పనిచేయదు గానీ నాకు చాలాసార్లు చేప దక్కింది. ఇంకోటి, కొక్కెం మొన పక్కన వెనక్కి ఉండే చిన్న ముల్లుని శ్రావణంతో నొక్కి పెట్టు. ఒకవేళ తెగినా చేప వదిలించుకోగలదు.

ఆ రెండు రకాల ప్లాస్టిక్‌లకీ పడదు, ఒకదాన్నొకటి కరిగిస్తాయి. కొన్న కవర్లలోనే ఉంచు. తేలే రకం మంచిదే, బరువు అడుగున ఉంటే తోక పైకి లేచి పీత గోళ్ళెత్తినట్టు నిలబడుతుంది. చిరిగిన ముక్కలు మాత్రం నీళ్ళలో పారేయకు, చేప మింగితే అరగవు. జేబులో వేసుకుని తెచ్చెయ్.

భీమిలి_బాబు | 11 జూన్ 2024, రాత్రి 8:25

మన ఊరాయన రాశారని చదువుతున్నాను. నేను ఇక్కడే, తెన్నేటి పార్కు రాళ్ళ దగ్గరా యారాడ వైపూ ల్యూర్ వేస్తుంటాను. మా దగ్గర రాళ్ళలో గ్రూపర్లు కూడా ఇదే బుద్ధి, కరిచి బొరియలోకి పోతాయి. టెక్సాస్ రిగ్ ఇప్పటిదాకా వాడలేదు, ఈ వారం కట్టి చూస్తాను. రాతిఒడ్డు గారూ, మాకు పోటు ఒకటిన్నర మీటరే, పెద్ద తేడా ఉండదు. మీరు ఏ పోటులో వేస్తారు?

రాతిఒడ్డు | 11 జూన్ 2024, రాత్రి 10:02

పోటు మొదలైన రెండో గంట నుంచి నిండే దాకా నాకు బాగా కలిసొస్తుంది బాబు గారూ. నీరెక్కే కొద్దీ గుల్లలున్న రాళ్ళ మీదకి మేతకి వస్తాయి. గ్రూపర్లకి కొక్కెం ఒక సైజు పెద్దది పెట్టండి. ఏం పడిందో ఇక్కడే రాయాలి మరి.

కొత్తగాలం | 15 జూన్ 2024, రాత్రి 9:30

పడింది.

నిన్న అష్టమి, ఇవాళ మళ్ళీ పోర్ట్‌లాండ్. పదింటికి చేరి ఇరవై నిమిషాలు కూర్చుని చూశాం. నీళ్ళు పోయినసారి మీద సగం వేగం కూడా లేవు. జాకెట్ వేసుకుని, నల్ల చారకి పైన నిలబడి, 12 గ్రాములతో గోడ పక్కనే దించాను. గంటన్నర ఏమీ లేదు. ఆరేడు సార్లు వేసి పది అడుగులు జరగడం, మళ్ళీ వేయడం.

ఒక బండ సందు మీద దించినప్పుడు, బరువు ఇంకా దిగుతుండగానే దారం ఒక్క క్షణం ఆగింది. అడుగు తగిలిందేమో అనుకున్నాను, కానీ అక్కడ లోతు అంత తక్కువ కాదు. టక్. టక్ టక్. ఊపిరి బిగపట్టి ఆగాను. కొన వంగింది. రెండు చుట్లు, ఎత్తాను. అది కిందికి ఒక్క గుంజు గుంజింది, నా మోచెయ్యి నడుముకి తగిలింది. వదల్లేదు. డ్రాగ్ ఒక్క చప్పుడు చేయలేదు. మళ్ళీ గుంజింది, ఈసారి కాస్త తక్కువ. అప్పుడు నీళ్ళలో ఆకుపచ్చగా పక్కకి తిరిగింది. స్నేహితుడు వల చాపాడు.

వలలోనే తూచాం, 3 పౌండ్ల 6 ఔన్సులు. మన లెక్కలో కిలోన్నర. ముదురాకుపచ్చ ఒళ్ళు, ప్రతి పొలుసు మీదా తెల్లటి చుక్క, పొట్ట దగ్గర ఇటుక రంగు. ముందు పళ్ళు చిన్న మేకుల్లా ఉన్నాయి. కొక్కెం పై పెదవికి గుచ్చుకుంది, వేళ్ళతోనే వచ్చేసింది. నోట్లోంచి నా చేతిలో గుల్ల ముక్కలు రాలాయి, నల్లవి, పిండి కొట్టినట్టు. చేతులు తడుపుకుని, వీపు ముళ్ళు అరచేత్తో వెనక్కి మడిచి పట్టుకున్నాను. డాక్టర్ గారు చెప్పినట్టే తల ముందుకి పెట్టి, వలలోనే నీళ్ళలోకి దించి వల వంచాం. ఒక క్షణం అలాగే ఉండి, తోక ఒక్కసారి కొట్టి అదే సందులోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. నిన్నటితో మన దగ్గర వేట నిషేధం అయిపోయింది కదా, బోట్లన్నీ కదిలాయట. చినతాతకి ఇప్పుడు ఎనభై రెండు. చేప ఫొటో చూపిస్తే, ‘వదిలేశావా?’ అని రెండుసార్లు అడిగాడు. అది పాతికేళ్ళు బతికే చేప తాతా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘దారం బిగువు ఎంత పెట్టావ్?’ అని అడిగాడు.

స్రవంతి_పెంబ్రోక్ | 15 జూన్ 2024, రాత్రి 9:51

చాలా సంతోషం! జాకెట్ వేసుకున్నందుకు ఇంకా ఎక్కువ సంతోషం. జులై చివర్లో మేం స్టాక్‌పోల్ వెళ్తున్నాం, వస్తారా?

భీమిలి_బాబు | 16 జూన్ 2024, ఉదయం 6:40

మీ చినతాత ఇల్లు ఏ వీధి? మొన్న టెక్సాస్ రిగ్‌కి ఒక గ్రూపర్ పడింది, కిలో లోపే. ఆ కట్టు పెద్దాయనకి ఒకసారి చూపించాలని ఉంది. అడ్రస్ నాకు విడిగా మెసేజ్ పెట్టండి.